పావు చుట్టు తేడా

మూడో తారీఖు

బావమరిదికి,

మీ బావ ఆశీస్సులు. ఇక్కడ నేనూ మీ అక్కా క్షేమం. కారు ఒక్కటే క్షేమంగా లేదు. అందుకే ఈ ఉత్తరం.

నిన్న పొగ పరీక్షలో కారు తప్పింది. కారంటే నాది కాదు, మీ అక్క డ్రైవింగ్ స్కూలు కారు. ఇరవై రెండేళ్లుగా ఊళ్లో సగంమందికి స్టీరింగు పట్టుకోవడం నేర్పిన కారు. ఆఫీసులో ఒకాయన సైలెన్సర్ గొట్టంలోకి ఇంకో గొట్టం దూర్చి, డబ్బా మీద అంకె చూసి పెదవి విరిచాడు. "పెట్రోలు ఎక్కువ తాగుతోందండీ, సగం కాలకుండానే బయటికి కక్కుతోంది" అన్నాడు. నలభై ఏళ్లుగా కార్బురేటర్లను చెవితో ట్యూన్ చేస్తున్న నాకు, గొట్టం పట్టుకున్నవాడు చెప్పాడు. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పక్కన మీ అక్క నిలబడి ఉంది కాబట్టి ఆవిడ వెనక పెట్టుకున్నాను.

ఇరవై ఎనిమిదిన రెండో పరీక్ష. అదీ తప్పితే స్కూలు అనుమతి రద్దు. ఇంకో కారుకు అనుమతి రావాలంటే ఏడాది పడుతుందట. ఏడాదిపాటు మీ అక్క ఇంట్లో కూర్చుంటే ఏమవుతుందో నీకు తెలుసు. నాకు క్లచ్ నేర్పుతుంది.

నువ్వు ఫ్యాక్టరీలో బాయిలర్ పొగగొట్టానికి ముక్కులాంటిది ఏదో బిగించి, మంట సరిగా ఉందో లేదో కూర్చున్నచోటు నుంచే చెబుతావట. అలాంటిది కారుకు పనికొచ్చేది ఉంటే పంపు. నా చెవికి సాక్ష్యంగా ఉంటుందని అడుగుతున్నాను, నా చెవికి బదులుగా కాదు. ఈ తేడా గుర్తుపెట్టుకో.

ఫోను మాత్రం చెయ్యకు. నువ్వు ఫోన్లో గొణుగుతావు. ఈమధ్య అందరూ గొణుగుతున్నారు, మీ అక్కతో సహా. ఇంజన్లు కూడా మర్యాద నేర్చుకుని మెత్తగా మాట్లాడుతున్నాయి. ఉత్తరమైతే స్పష్టంగా ఉంటుంది.

ఇట్లు,
మీ బావ

తా.క.: ఈ ఉత్తరం మీ అక్కే పోస్టు డబ్బాలో వేస్తుంది. శిష్యులకు పార్కింగ్ నేర్పేది పోస్టాఫీసు ముందే. కవరు మీద టైరు గుర్తు కనిపిస్తే ఆ రోజు పాఠం లెక్కల మాస్టారిదని అర్థం. ఆయన చేరి ఐదు నెలలైంది. ఇప్పటికి ముందుకు పోవడం వచ్చింది.


ఆరో తారీఖు

పూజ్యులైన బావగారికి,

నమస్కారాలు. మీ ఉత్తరం అందింది. టైరు గుర్తు కూడా అందింది.

మీరడిగిన వస్తువు పేరు ఆక్సిజన్ సెన్సర్. దాన్ని, దాని మీటరును విడిగా పార్సిల్ చేశాను. చూడటానికి స్పార్క్ ప్లగ్గులా ఉంటుంది గానీ దాని స్వభావం వేరు. ప్లగ్గు నిప్పు పెడుతుంది, ఇది నిప్పు సంగతి బయటపెడుతుంది. ఒక వంతు పెట్రోలు పూర్తిగా కాలడానికి పద్నాలుగు పాయింట్ ఏడు వంతుల గాలి కావాలి. మీటరు మీద ఆ అంకె నిలిస్తే మంట ధర్మంగా ఉన్నట్టు. తగ్గితే పెట్రోలు ఎక్కువైనట్టు, పెరిగితే గాలి ఎక్కువైనట్టు.

మీ చెవి మీద నాకెప్పుడూ అపనమ్మకం లేదు. నా చిన్నప్పుడు వీధి మలుపులో లారీ వినబడగానే దాని మూడో సిలిండరు సరిగా కొట్టడం లేదని మీరు చెప్పడం, డ్రైవరు దిగి మీకు దండం పెట్టడం కళ్లారా చూశాను. కానీ ఆ ఆఫీసులో చెవులకు చోటు లేదు. అంకెలతో పోట్లాడాలంటే మనకూ అంకెలు కావాలి.

సెన్సరు ఎక్కడ బిగించాలో, ఏ కోణంలో బిగించాలో రెండో పేజీలో బొమ్మ వేసి వివరంగా రాశాను. అసలు సంగతంతా అందులోనే ఉంది.

ఇట్లు,
మీ బావమరిది

తా.క.: బొమ్మ చూడకుండా బిగించకండి. మిమ్మల్ని ఎరుగుదును కాబట్టి ఈ మాట రెండోసారి రాస్తున్నాను. బొమ్మ చూడకుండా బిగించకండి.


పదో తారీఖు

బావమరిదికి,

దీవెనలు. పార్సిల్ భద్రంగా చేరింది. నీ బొమ్మ మాత్రం చేతిలోకి వచ్చినట్టే వచ్చి పోయింది. రెండో పేజీ వెనకవైపు ఖాళీగా ఉందని, మీ అక్క దాని మీద లెక్కల మాస్టారికి చౌరస్తాలో ఎలా తిరగాలో గీసిచ్చింది. ఆయన మడిచి జేబులో పెట్టుకుని ఇంటికెళ్లిపోయాడు.

అయినా నాకు బొమ్మలెందుకు? దాని పేరులోనే ఆక్సిజన్ ఉంది. ఇంజన్లోకి ఆక్సిజన్ వచ్చేది గాలి ఫిల్టరు నుంచి. ఫిల్టరు మూతకు చక్కగా చిల్లి పెట్టి బిగించాను. అంత శుభ్రమైన చిల్లి ఈ జిల్లాలో ఇంకొకడు పెట్టలేడు.

నీ మీటరు ఇరవై రెండు దగ్గర కూర్చుంది. పెట్రోలు పాలు సర్దే మిక్చర్ స్క్రూ పావు చుట్టు తిప్పాను, ఇరవై రెండే. రెండు చుట్లు తిప్పాను, ఇరవై రెండే. ఇంజను ఆపేశాను, అప్పుడూ ఇరవై రెండే. నడుస్తున్న ఇంజనుకూ ఆగిన ఇంజనుకూ తేడా తెలియని వస్తువును నువ్వు శాస్త్రం అంటున్నావు. చివరికి మీ అక్కను పిలిచి దాని మీద ఊదమన్నాను. ఇరవై ఒకటిన్నరకు దిగింది. అంటే ఈ ఇంట్లో కారు కన్నా మీ అక్కే ఎక్కువ పెట్రోలు మీద నడుస్తోందని నీ మీటరు అభిప్రాయం.

పద్దెనిమిది రోజులే మిగిలాయి. ఆవిడ స్కూలు బోర్డు దించి కడిగి మళ్లీ తగిలించింది. పండగకూ పబ్బానికీ కడగని బోర్డు. అది చూసినప్పటి నుంచి నాకు అన్నం సహించడం లేదు. తొందరగా జవాబు రాయి.

ఇట్లు,
మీ బావ

తా.క.: మాస్టారు నీ కాగితాన్ని తిరగేసి పట్టుకున్నాడట. అందులో సైలెన్సర్ గొట్టాన్ని రోడ్డనుకుని, ఎటు తిరగాలో తేలక చౌరస్తాలో అరగంట నిలబడ్డాడు. వెనక వరసగా తొమ్మిది బళ్లు. ట్రాఫిక్ పోలీసు వచ్చి ఆ కాగితం చూసి, అతనూ నిలబడిపోయాడట.


పన్నెండో తారీఖు

పూజ్యులైన బావగారికి,

నమస్కారాలు. కాగితానికి ఒకవైపే రాసే అలవాటు నాది కాబట్టి తప్పు నాదే. ఈసారి రెండువైపులా రాస్తున్నాను. అక్కకు ఖాళీ దొరకదు.

ఆ సెన్సరు ముక్కే. కానీ అది వాసన చూడాల్సింది లోపలికి వచ్చే గాలిని కాదు, బయటికి పోయే పొగను. ఎంత వండితే సరిపోతుందో తెలియాలంటే బియ్యం డబ్బాలోకి చూస్తే ఏం లాభం? అందరూ తిన్నాక గిన్నెలో ఎంత మిగిలిందో చూడాలి. పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందన్నదే దాని లెక్క. మీరు బిగించినచోట అది ప్రపంచంలోని గాలిని కొలుస్తోంది. ఒట్టి గాలి తగిలితే ఆ మీటరు తన చివరి అంకె ఇరవై రెండు దగ్గరే ఆగుతుంది. మీరు స్క్రూ ఎన్ని చుట్లు తిప్పినా ప్రపంచం మారదు.

ఇంజను దగ్గర మొదలయ్యే పొగ గొట్టానికి, సైలెన్సరు కన్నా ముందు, మూరెడు దూరంలో చిల్లి పెట్టి నట్టు వెల్డింగ్ చేయించండి. సెన్సరు పైవైపు నుంచి ఏటవాలుగా దిగాలి, కిందివైపు నుంచి కాదు. గొట్టంలో నీటి చుక్కలు చేరితే దానికి పడదు. ఇంజను బాగా వేడెక్కాక, యాక్సిలరేటర్ తొక్కకుండా ఊరికే ఆడుతున్నప్పుడు అంకె చూస్తూ మిక్చర్ స్క్రూ సర్దండి. పొగ పరీక్ష చేసేదీ ఆ స్థితిలోనే. మీకు తెలియనిది కాదు, బయటికి తిప్పితే పెట్రోలు పెరుగుతుంది, లోపలికి బిగిస్తే తగ్గుతుంది.

ఫిల్టరు మూత చిల్లిని దయచేసి మూయండి.

ఇట్లు,
మీ బావమరిది

తా.క.: ఊదమన్నప్పుడు అక్క ఏమందో మీరు రాయలేదు.


పదహారో తారీఖు

బావమరిదికి,

దీవెనలు. నువ్వు చెప్పినట్టే గొట్టానికి చిల్లి పెట్టాను, నట్టు అతికించాను, నీ ముక్కును ఏటవాలుగా దించాను. వెల్డింగు చూస్తే నువ్వు బాయిలర్ వదిలేసి నా దగ్గర పనికి చేరతావు.

పదమూడో తారీఖు సాయంత్రం ఇంజను వేడెక్కించి స్క్రూ మెల్లగా తిప్పాను. అంకె పదమూడు దాటింది, పద్నాలుగు దాటింది, పద్నాలుగు ఏడు దగ్గర పిల్లిలా కూర్చుంది. నిజం చెప్పొద్దూ, నాకు ముచ్చటేసింది. కళ్లజోడు పెట్టుకుని ఇంజను చూడటం అదే మొదటిసారి. మీ అక్కను పిలిచి చూపించాను. ఆవిడ అంకె కేసి చూసింది, నా కేసి చూసింది, లోపలికి పోయింది.

మర్నాడు సాయంత్రం కారు తిరిగొచ్చాక చూస్తే పన్నెండు ఆరు. మళ్లీ సర్దాను. పదిహేనున సాయంత్రం చూస్తే పన్నెండున్నర. ఒక సాయంత్రం పెట్టిన కొలత మర్నాటి సాయంత్రానికల్లా పెట్రోలు వైపు జారిపోతోంది. పరీక్ష ఆఫీసులో ఈ అంకె వస్తే మనం తిన్నగా ఇంటికే.

ఇందులో నా తప్పేమైనా ఉంటే చెప్పు. లేదని నాకు తెలుసు, అయినా మర్యాదకు అడుగుతున్నాను. నీ మీటరుకు మతిమరుపు ఉందా? లేక ఫ్యాక్టరీలో పనికిరాదని పక్కన పడేసినదాన్ని బావ కదా అని నాకు అంటగట్టావా?

ఇట్లు,
మీ బావ

తా.క.: ఊదమన్నప్పుడు మీ అక్క ఏమందో నాకు తెలియదు. పెదాలు కదిలాయి. ఇంజను స్టార్టులో ఉంది కదా.

ఇంకో తా.క.: మాస్టారు ఈ వారం వెనక్కి నడపడం నేర్చుకున్నాడు. ఇప్పుడు ముందుకు పోవడం మరిచిపోయాడు.


పద్దెనిమిదో తారీఖు

పూజ్యులైన బావగారికి,

నమస్కారాలు. ఆడలేక మద్దెల ఓడు అన్నారని ఎవరో అన్నారు, నేను కాదు. ఆ సెన్సరు కొత్తది. డబ్బా నేనే విప్పి, పరీక్షించి, మళ్లీ కట్టాను.

జాగ్రత్తగా ఆలోచించాను. గొట్టంలో ఎక్కడైనా లీకుంటే బయటి గాలి చేరి అంకె పెరగాలి. మీకు తగ్గుతోంది. అంటే పెట్రోలు నిజంగానే ఎక్కువ పడుతోంది. గాలిని అడ్డే చోక్ తలుపు సగంలో ఇరుక్కుందేమో చూడండి. కార్బురేటర్లో ఫ్లోటు మునిగి, పెట్రోలు మట్టం పెరిగిందేమో చూడండి. ఇవన్నీ బాగుంటే మిగిలేది మిక్చర్ స్క్రూ.

స్క్రూ తల మీద మొదలై పక్కనున్న కార్బురేటర్ ఒంటి మీదికి సాగేలా సన్నగా ఒక గీత గీయండి. గోళ్లరంగు అయితే వేడికి చెరగదు. స్క్రూ వెంట్రుకవాసి తిరిగినా గీత రెండు ముక్కలవుతుంది. అప్పుడు తెలుస్తుంది, తప్పు మీటరుదా, స్క్రూదా అన్నది.

అడగొచ్చో లేదో గానీ అడుగుతున్నాను. కారు దగ్గరకి మీరు కాకుండా ఇంకెవరైనా వస్తున్నారా?

ఇట్లు,
మీ బావమరిది

తా.క.: మీకు చోక్ గురించి చెప్పాల్సి వచ్చినందుకు ముందే క్షమాపణలు.


ఇరవై ఒకటో తారీఖు

బావమరిదికి,

దీవెనలు, ఈసారి కొంచెం తగ్గించి.

నాకు చోక్ గురించి చెప్పావు. సరే. నువ్వు నిక్కరు వేసుకుని బుగ్గలో పిప్పరమెంటు పెట్టుకుని తిరిగేనాటికే నేను ఎంత చోక్ లాగితే ఏ బండి లేస్తుందో కళ్లు మూసుకుని చెప్పేవాణ్ణి. అయినా నీ మాట కాదనలేక కార్బురేటర్ మొత్తం విప్పాను. ఫ్లోటు తేలుతోంది, సూది కూర్చుంటోంది, జెట్లలో ధూళి లేదు, చోక్ తలుపు నిటారుగా ఉంది. పెట్రోలులోనే ఏదో కలుస్తోందని బంకువాడితో తగువు కూడా పెట్టుకున్నాను. అతను నాతో మాట్లాడటం మానేశాడు. మానేశాడని అతనే అన్నాడు, నేను గమనించలేదు.

గీత గీశాను. మర్నాడు సాయంత్రం చూస్తే గీత గీసింది గీసినట్టే, చెక్కు చెదరకుండా ఉంది. మీటరు చూస్తే పన్నెండు ఆరు. స్క్రూ కదల్లేదు, అంకె కదిలింది. ఇక అబద్ధాలాడుతున్నది ఎవరో నువ్వే చెప్పు. ఏళ్ల తరబడి పొగగొట్టాల పక్కన కూర్చుని నీ బుర్రకూ మసి పట్టింది.

ఇంకెవరైనా వస్తున్నారా అని అడిగావు. పొద్దున్న ఆరింటికి పాఠానికి బండి తీసే మీ అక్క తప్ప, రాత్రి తాళం వేశాక నా రిపేరు షెడ్డులోకి కాకి కూడా రాదు. మీ అక్కకు బానెట్ కింద ఏముందో ఏం తెలుసు? ఆవిడ పనంతా స్టీరింగుతో.

ఇంకో వారం చూస్తాను. కుదరకపోతే నీ ముక్కు కోసి, చిల్లికి బిరడా పెట్టి, చెవితో ట్యూన్ చేసుకుని పరీక్షకు పోతాను. పోతే స్కూలు పోతుంది. మీ అక్క ముఖం చూడలేక నేనెక్కడికి పోవాలో అది నువ్వు ఆలోచించు.

ఇట్లు,
మీ బావ

తా.క.: గోళ్లరంగు మీ అక్క సీసాలోదే. ఎర్రది. శిష్యురాలెవరో బహుమతిగా ఇచ్చింది, ఎప్పుడూ వాడదు. వాడుకుని మూత బిగించి అక్కడే పెట్టాను. ఆవిడ కనిపెట్టలేదు.


అదే రోజు

తమ్ముడూ,

ఎలా ఉన్నావు? వేళకు తింటున్నావా? ఈ రెండు ఉత్తరాలూ నీకు ఒకేసారి అందుతాయి. ముందు మీ బావది చదువు. తర్వాత ఇది చదువు. తర్వాత ఇది చించెయ్యి.

స్క్రూ తిప్పుతున్నది నేను.

ముందు ఇంకో సంగతి చెప్పాలి. మీ బావకు చెవులు వినబడటం లేదురా. నాలుగేళ్లయింది. ఒకరోజు పొయ్యి మీద కుక్కరు ఈల మీద ఈల వేస్తుంటే, దాని పక్కనే కూర్చుని, "ఇంకా ఉడకలేదా" అని అడిగారు. అప్పటికే షెడ్డు నుంచి వెళ్లిన బళ్లు రెండు మూడు వెనక్కి వచ్చాయి. ఆయన ఇంజను మీదికి వంగి, కళ్లు మూసుకుని, వింటున్నట్టే తల ఊపుతారు. స్క్రూ మాత్రం ఎక్కడో ఆగుతుంది.

అప్పటి నుంచి బాగైన ప్రతి బండినీ "బ్రేకులు చూసొస్తాను" అని ఒక చుట్టు తిప్పడానికి తీసుకెళ్తున్నాను. బడి వెనక సందులో ఆపి, బానెట్ ఎత్తి, విని, సరిచేసి తెస్తాను. స్క్రూడ్రైవరు నా సంచీలోనే ఉంటుంది. పద్దెనిమిదేళ్లు ఆయన పక్కన నిలబడి విన్నాను, ఆ మాత్రం రాదా? ఊళ్లోవాళ్లు ఇప్పటికీ ఆయన చెవిని పొగుడుతున్నారు. అది వింటే నాకు కడుపు నిండుతుంది.

నా కారు సంగతి వేరు. దాన్ని కావాలనే పెట్రోలు వైపు పెట్టుకుంటాను. లెక్కల మాస్టారు క్లచ్ వదిలితే ఇంజను ప్రాణం వదులుతుంది. కాస్త పెట్రోలు ఎక్కువ పోస్తే బతికి బయటపడుతుంది. ఆ పొగే పరీక్షలో పట్టుకున్నారు. అంటే పరీక్ష తప్పించింది నేను. ఆ రోజు ఆయన తల నా వెనక దాచుకున్నారు. నాకు దాచుకునే చోటు లేకపోయింది.

నీ మీటరు వచ్చాక కూడా పొద్దున్నే అలవాటుగా చెయ్యి పోయింది. ఆయన పెట్టిన కొలత మీద మాస్టారు మూడుచోట్ల ఆపేశాడు, నేను తిప్పేశాను. తర్వాత ఒకరోజు ఎర్ర గీత కనిపించింది. మామూలుగానే తిప్పి, సాయంత్రం బండి షెడ్డులో పెట్టగానే పాత గీత గోకేసి, అదే సీసాతో కొత్త గీత గీశాను. మీ బావ ఉత్తరాలన్నీ కవరు అంటించేముందు నాకు చదివి వినిపిస్తారు. వీధి చివర బట్టలకొట్టువాడికి కూడా వినిపిస్తుంది. "ఆవిడ కనిపెట్టలేదు" అని చదువుతుంటే నేను వంటింట్లోకి పోయి కుళాయి తిప్పి నిలబడ్డాను.

రేపటి నుంచి స్క్రూ ముట్టుకోను. స్కూలు నిలబడాలి. మాస్టారికి క్లచ్ నిజంగానే నేర్పుతాను, ఇంకో దారి లేదు. కానీ ఇన్నాళ్లూ జారిన అంకె ఒక్కసారిగా నిలబడితే ఆయనకు అనుమానం వస్తుంది. స్కూలు పోతే ఇంకోటి పెట్టుకుంటాను. ఆ చెవి పోయిందని, ఇన్నేళ్లూ పెళ్లాం వెనక నుంచి దిద్దుతోందని తెలిస్తే ఆయన షెడ్డు తాళం తియ్యరు. నాకు ఆయన షెడ్డులో కావాలి.

అందుకని సైన్సులాంటిది ఏదైనా చెప్పు. నీకు అబద్ధమాడటం రాదని తెలుసు. కానీ నువ్వు నిజం చెప్పినా ఎవరికీ అర్థం కాదు కాబట్టి ఇబ్బంది ఉండదు.

నీ అక్క

తా.క.: ఊదమన్నప్పుడు నేనన్నది, "మీరే ఊదండి, మీకన్నా వేడిగాలి ఎవరి దగ్గరుంది" అని. వినబడలేదు. ఒక్కోసారి ఈ చెవుల వల్ల సంసారానికి మేలే.


ఇరవై మూడో తారీఖు

పూజ్యులైన బావగారికి,

నమస్కారాలు. మీ కోపం న్యాయమైనదే. తప్పు పూర్తిగా నాది. ఒక ముఖ్యమైన విషయం రాయడం మరిచాను.

ఆక్సిజన్ సెన్సరుకు స్థిరపడే కాలం అని ఒకటి ఉంటుంది. కొత్త ఊరికి బదిలీ అయిన ఉద్యోగి మొదటి పది రోజులు దారులు తెలియక తికమకపడతాడు చూడండి, అలాంటిదే. పగలు వేడి, రాత్రి చల్లదనం పదిసార్లు అనుభవించేదాకా దాని లోపలి పొర కుదుటపడదు. ఈలోగా స్క్రూ కదలకపోయినా అంకె పెట్రోలు వైపు జారుతుంది. పదమూడున బిగించారు కాబట్టి నేటితో దాని గడువు తీరింది. ఈ ఉత్తరం అందిన సాయంత్రం పద్నాలుగు ఏడుకు పెట్టండి. ఇక కదలదు. నాదీ పూచీ.

దాన్ని కోసెయ్యకండి. పరీక్ష అయ్యేదాకా నా మాట మీద నమ్మకం ఉంచండి.

ఇట్లు,
మీ బావమరిది

తా.క.: ఈ విషయం ఏ పుస్తకంలోనూ దొరకదు. వెతక్కండి. అనుభవం మీద తెలిసేది.


ముప్పై ఒకటో తారీఖు

బావమరిదికి,

మీ బావ నిండు మనసుతో దీవిస్తున్నాడు. ఈ ఉత్తరం ఎవరికీ చదివి వినిపించలేదు. పోస్టు డబ్బా దాకా నేనే నడిచి వెళ్లి వేస్తాను. స్టాంపు కొనుక్కొచ్చే దారిలో పెట్రోలు బంకువాడికి క్షమాపణ కూడా చెప్పాను. అతనేదో అన్నాడు, మంచిమాటే అయి ఉంటుంది.

కారు నెగ్గింది. గొట్టం పట్టుకున్నాయన డబ్బా మీద అంకె రెండుసార్లు చూసి, "ఎవరు ట్యూన్ చేశారు?" అని అడిగాడు. మీ అక్క, "మావారు, చెవితో" అంది. నాకు వినపడలేదు. పెదాలు చూశాను.

ఇప్పుడు నీ స్థిరపడే కాలం సంగతి. నలభై ఏళ్లలో విడిభాగాల దుకాణాలవాళ్లు, బంకులవాళ్లు, బండి అమ్మేవాళ్లు నాకు చెప్పిన అబద్ధాలన్నీ ఒక ఎత్తు, నీ పది రాత్రుల చల్లదనం ఒక ఎత్తు. రెండుసార్లు చదువుకున్నాను, ఆనందంగా.

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. గోళ్లరంగు పట్టించింది. గీత గీసిన మర్నాడు సాయంత్రం బానెట్ ఎత్తాను. గీత గీసినట్టే ఉంది. కానీ గుప్పున కొత్త రంగు వాసన. ముందురోజు గీసిన గీత, అందులోనూ ఇంజను వేడి మీద ఉన్నది, వాసన వెయ్యదోయ్. చెవులు పోయాయి గానీ ముక్కు పోలేదు. నువ్వు పంపినదానికన్నా నాదే పాతది, నాదే గట్టిది.

చెవులు పోయాయని నాకు తెలియదనుకున్నారా ఇద్దరూ? తెలుసు. బళ్లు వెనక్కి రాకపోవడమే నాకు అర్థమయ్యేది కాదు. వినబడకపోయినా చేతికి వాటంగా పని తెలిసిందేమోనని గర్వపడ్డాను కూడా. ఆ వాసనతో నాలుగేళ్ల లెక్క తేలింది. బ్రేకులు చూసొస్తానని ప్రతి బండినీ తిప్పుకురావడం, ఆ సంచీ బరువు, అన్నీ. ఆ సాయంత్రం షెడ్డులో కూర్చుని ఏడ్చాను. కొంచెం సిగ్గుతో. మిగతాది సిగ్గు కాదు.

ఇరవై ఒకటిన నిన్ను తిట్టి రాసిన ఉత్తరం నీకోసం కాదు, వంటింట్లో ఉన్నావిడ వినడానికి. మసి పట్టిన బుర్ర అన్నందుకు క్షమించు. నాకు తెలిసిపోయిందని ఆవిడకు తెలిస్తే బాధపడుతుంది. తెలియలేదని గట్టిగా చదివితే, ఏం చెయ్యాలో నిన్ను అడుగుతుంది. నేను ఒక్క ఉత్తరం రాస్తే సొరుగులో రెండు స్టాంపులు తగ్గాయి. అప్పుడు నిశ్చింతగా పడుకున్నాను.

కథ ఇక్కడితో అయిపోయిందని నువ్వు అనుకుంటావు. నేనూ అనుకున్నాను. పరీక్ష మర్నాడు పొద్దున్న ఆరింటికి ఆవిడ షెడ్డులోకి వచ్చింది. నేను కిటికీ వెనక నుంచి చూస్తున్నాను. బానెట్ ఎత్తి, ఇంజను స్టార్టు చేసి, చెవి పెట్టి వింది. అంతా సరిగ్గా ఉంది. స్క్రూడ్రైవరు తీసింది, చూసింది, మళ్లీ సంచీలో వేసింది. బానెట్ దించి దాని మీద చెయ్యి పెట్టి ఊరికే నిలబడింది. పిల్లలంతా బడికి పోయాక ఇంట్లో మిగిలిన మనిషిలా. అలా నిలబడటం నాకు నచ్చలేదు.

ఆ సాయంత్రం మీటరు చూస్తూ స్క్రూ పావు చుట్టు లోపలికి బిగించాను. నిన్న పొద్దున్న ఆవిడ వచ్చింది, వింది, తల అడ్డంగా ఊపింది, స్క్రూడ్రైవరు తీసింది. పని చేస్తూ పాట పాడుకుంది. పాట నాకు వినపడలేదు. భుజాలు కదలడం కనిపించింది. నిన్న సాయంత్రం కారు తిరిగొచ్చాక మీటరు చూశాను. పద్నాలుగు ఏడు. పాయింటు తేడా లేదు. ఈసారి పరీక్షాఫీసుకు పోతే డబ్బా వద్దు, ఆవిడనే వినమనండి అని చెబుతాను.

మీ అక్కకు ఈ సంగతి చెప్పకు. ఆవిడ సంగతి నాకు చెప్పకు. ఇద్దరి గుట్టూ కడుపులో పెట్టుకుని నువ్వు హాయిగా బాయిలర్లు చూసుకో.

ఇట్లు,
మీ బావ

తా.క.: లెక్కల మాస్టారికి లైసెన్సు వచ్చింది. ఎక్కువ పెట్రోలు పొయ్యడం మానేశాక మొదటిసారి క్లచ్ నేర్చుకున్నాడు. నీ బొమ్మ తిరిగిచ్చాడు. బొమ్మ ప్రకారం నేను సెన్సరు సరిగ్గానే బిగించాను.

ఇంకో తా.క.: మీటరు వెనక్కి పంపమని అడగకు. మరీ కొంచెం తప్పు పెడితే ఆవిడ పట్టించుకోదు, మరీ ఎక్కువ పెడితే శిష్యులు దారిలో ఆగిపోతారు. సరిచెయ్యడానికి మీ అక్క ఉంది. సరిగ్గా సరిపడా తప్పు పెట్టాలంటే మాత్రం నాకు నీ మీటరు కావాలి.